రుక్కమ్మ నోట పేరు

జాలుబండలో రుక్కమ్మ చేత పేరు పెట్టి పిలిపించుకునే ధైర్యం ఎవరికీ లేదు. కిరాణా కొట్టాయన ఉప్పు పొట్లం కడుతూ, "అక్కా, నా పేరు మాత్రం తియ్యకు, ఓ సేటూ అను సాలు" అని బతిమాలేవాడు. చంటిపిల్లల తల్లుల సంగతి మరీ విడ్డూరం. ఆమె ఎదురొస్తే బిడ్డ అసలు పేరు ఆమె చెవిన పడకూడదని "ఓ బుజ్జీ, ఓ సిట్టీ" అంటూ చంకనేసుకుని పక్క సందులోకి తప్పుకునేవారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. రుక్కమ్మ నోరు చెడ్డదని ఎవరూ అనలేదు, అబద్ధమెందుకు. కాకపోతే ఆ నోట పేరు పడిన మనిషి మిగలడని ఊరు ఊరంతా నమ్మింది.

మేడ్చల్ నుంచి శామీర్‌పేట వైపు పోతుంటే ద్రాక్షతోటలు దాటాక వచ్చే చిన్న ఊరు అది. ఆ ఊళ్లో ఎవరు చనిపోయినా మొదటి పిలుపు రుక్కమ్మది. శవం తలదగ్గర కూర్చుని, పోయిన మనిషిని పేరు పెట్టి మూడుసార్లు గొంతెత్తి పిలిచేది. పిలిచి, ప్రతిసారీ జవాబు కోసం కాసేపు ఆగేది. మూడో పిలుపుకు కూడా జవాబు రాకపోతేనే చావు చావైనట్టు. అప్పుడే మిగతా ఆడవాళ్లు ఏడుపు అందుకునేవారు. అత్తగారు నేర్పిపోయిన పని అది. ఒక చీరో, శేరు బియ్యమో ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు. మిగతా రోజుల్లో ద్రాక్షతోటల్లో గుత్తులు కోసేది. భర్త జంగయ్య రాళ్ల క్వారీలో సుత్తె పట్టేవాడు.

ఈ పేర్ల భయం ఎట్లా మొదలైందంటే, కొత్తకోడలుగా ఉన్నప్పుడు ఒకనాడు బావి దగ్గర నుంచి గొర్లు కాసే లింగం అనే ఆయనను "లింగన్నా, నీ గొర్రె తప్పింది" అని కేకేసింది. ఆ సాయంత్రమే అతను పిడుగు పడి పోయాడు. వానాకాలం, మైదానం, చేతిలో కర్ర. పిడుగు పడటం వింతేమీ కాదు. కానీ రెండేళ్లకు ఒక చావింట్లో, దుఃఖంలో, పోయిన అన్న పేరుకు బదులు పక్కన కూర్చున్న తమ్ముడి పేరు ఆమె నోటికి వచ్చింది. ఆ తమ్ముడు పదకొండో రోజున, అన్న దినం నాడే, విస్తరి ముందు కూలిపోయాడు. ఇంకేముంది! పిడుగును అడిగేవాడు లేడు, గుండెను అడిగేవాడు లేడు. అందరూ రుక్కమ్మ నాలుకనే పట్టుకున్నారు.

అన్నిటికంటే పాపం ఏమిటంటే, రుక్కమ్మ కూడా నమ్మింది. ఆ రోజు నుంచి బతికున్న మనిషిని పేరు పెట్టి పిలవలేదు. అన్నా, వదినె, పెద్దబాపు, చిన్నవ్వ, ఇవే ఆమె పిలుపులు. భర్త పేరు ఎలాగూ ఆడవాళ్లు పలకరు. కూతుర్ని "బిడ్డా" అనేది. ఆ ఒక్కగానొక్క కూతురు అండాలు, పందొమ్మిదో ఏట, తొంభై ఏడులో, పచ్చకామెర్లతో పోయింది. ఆ తలదగ్గర కూడా మూడు పిలుపులూ రుక్కమ్మే పిలిచింది. ఇంకెవరు పిలుస్తారు? కన్నకూతురిని ఆమె పేరు పెట్టి పిలిచింది ఆ రోజే. ఊరికి తూర్పున ఉన్న బొందలగడ్డలో, తుమ్మచెట్ల పక్కన పాతిపెట్టారు.

ఎనిమిదేళ్లు గడిచాయి. జంగయ్య ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్ము చేరి మంచానపడ్డాడు. ద్రాక్షతోటలు ఒకటొకటిగా ఎండిపోయి వెంచర్లయ్యాయి. పందిళ్లు పీకేసిన చోట తెల్లరంగు వేసిన హద్దురాళ్లు మొలిచాయి. 2005లో, పోయినవాళ్లకు బువ్వ పెట్టే పెత్తరమాస నాడు, రుక్కమ్మ బువ్వముద్ద పట్టుకుని బొందలగడ్డకు పోయేసరికి, అండాలు తలవైపు మట్టిలో ఒక తెల్లరాయి పాతి ఉంది. దానిమీద ఎర్రరంగుతో 43 అని రాసి ఉంది. చదువు రాకపోయినా ద్రాక్షపెట్టెల మీద చూసి చూసి అంకెలు ఆమెకు తెలుసు. చుట్టూ చూస్తే మూడు పక్కలా రాళ్లే. బిడ్డకు ప్లాటు నంబరు పడింది.

రాయి పీకి దూరంగా విసిరేసింది. మర్నాడు పోయి చూస్తే అదే చోట, అదే వాలుతో నిలబడి ఉంది. తవ్విన జాడ లేదు, చుట్టూ గడ్డి కూడా నలగలేదు. మళ్లీ పీకింది. మూడోనాడు మళ్లీ ఉంది. ఊరి సుంకరి కుర్మయ్య, అంటే డప్పు కొట్టి చాటింపు వేసే ముసలాయన, రెండురోజులు అక్కడే గొడ్లు మేపాడు. "ఎవ్వలూ రాలే రుక్కమ్మా, నా కండ్లతోని జూసిన" అని ఒట్టేశాడు. ఎవడో చీకటితో వచ్చి పాతి, మట్టి తొక్కి పోయాడని మనం అనుకోవచ్చు. అప్పుడు ఆ గడ్డలో నిలబడిన ఆ ఇద్దరికీ అట్లా అనిపించలేదు. బిడ్డే లోపలి నుంచి రాయిని పట్టుకుని ఉందేమో, నన్ను తియ్యకు అంటున్నదో, ఈ రాయి తియ్యి అంటున్నదో అని రుక్కమ్మ ఆ మట్టికి చెవి ఆనించి విన్నది. చీమల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

పంచాయతీ ఆఫీసుకు పోయింది. సర్పంచ్ రాధమ్మ. మహిళల సీటు కాబట్టి సంతకం ఆమెది, ముద్ర మాత్రం మొగుడు జనార్ధన్ జేబులో ఉండేది. జనార్ధన్ ఊరు వదిలి పేట్ బషీరాబాద్‌లో ఇల్లు కట్టుకుని, భూముల వ్యాపారం చేస్తూ వారానికొకసారి తెల్ల సుమోలో వచ్చి ఊరిని చూసి పోయేవాడు. ఆఫీసులో దొరికింది కార్యదర్శి శ్రీనివాసరావు ఒక్కడే. గుంటూరు వైపు మనిషి.

"గ్రామసభ తీర్మానం అమ్మా ఇది. బొందలగడ్డ బండల అవతలకి మార్చి, ఈ స్థలం రోడ్డుకీ లేఔట్‌కీ ఇవ్వాలని రెండు వందల పదకొండు మంది ఒప్పుకుని సంతకాలు చేశారు" అన్నాడు.

"గ్రామసభ ఎప్పుడయింది సారు?"

"జూన్‌లో."

"మా ఊర్లెనేనా?"

శ్రీనివాసరావు ఫైలు మూసేసి ఫ్యాను వంక చూశాడు. మంచివాడే పాపం, కానీ ముద్ర ఆయన జేబులో లేదు కదా.

బయటికి వస్తే అంగన్‌వాడీ టీచర్ పద్మజ కలిసింది. రోజూ బహదూర్‌పల్లి నుంచి రెండు బస్సులు మారి వచ్చే పిల్ల, ముప్పై దాటలేదు, దేనికీ బెదరదు. రుక్కమ్మ గోడు విని, "అక్కా, గిప్పుడు కొత్త చట్టం వచ్చింది. సర్కారు కాయితం ఏదైనా మనం అడగొచ్చు. ఎవలెవలు సంతకం వెట్టిన్రో అడుగుదాం. అడుగుడు తప్పుగాదు గదా" అంది.

కాగితం అడగడం ఒక్కటే చాలదని, ఊరివాళ్ల చేత అర్జీ మీద సంతకాలు కూడా పెట్టిద్దామని ఇద్దరూ ఇల్లిల్లూ తిరిగారు. ఇక్కడే వచ్చింది తంటా. రుక్కమ్మ గడప ముందు నిలబడితే ఆ ఇంట్లో ఎవరో పోయారనుకుని పక్కిళ్ల ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని పరుగెత్తుకొచ్చేవారు. లోపలివాళ్లు తలుపు సందులోంచి "మా ఇంట్ల అందరం మంచిగున్నం, పో తల్లీ పో" అని దండం పెట్టేవారు. ఒకచోట మంచంలో ఉన్న ముసలామె రుక్కమ్మను చూసి "అప్పుడే వచ్చినవా?" అని గోడవైపు తిరిగి పడుకుంది. చివరికి పద్మజ "అక్కా, నువ్వు సందు మలుపుల నిలవడు, నేను వోయొస్త" అనాల్సి వచ్చింది. వారంరోజులు తిరిగితే తొమ్మిది సంతకాలు వచ్చాయి. అందులో రెండు ఆ ఇద్దరివే.

కాగితం అంత సులువుగా రాలేదు. మొదటి దరఖాస్తు అందలేదన్నారు. రెండోది పోస్టులో, రసీదు తీసుకుని పంపారు. నెల దాటింది. శామీర్‌పేట మండలాఫీసుకు పోయి పై అధికారికి అప్పీలు పెట్టారు. రుక్కమ్మ మంచంలో ఉన్న మనిషికి గంజి తాగించి, పనిరోజు పోగొట్టుకుని, ఆ మెట్ల మీద కూర్చునేది. ఫిబ్రవరిలో చివరికి తొమ్మిది పేజీల జిరాక్సు చేతికొచ్చింది.

మధ్యాహ్నం అంగన్‌వాడీలో పిల్లలు చాపల మీద నిద్రపోతుండగా పద్మజ తలుపు దగ్గర కూర్చుని పేర్లు చదవడం మొదలుపెట్టింది. నాలుగో పేరుకు రుక్కమ్మ చెయ్యి ఆమె మోకాలి మీద పడింది.

"గామె లేదు. గా తుఫాను వచ్చిన ఏడు పోయింది. నేనే పిలిచిన."

ఏడో పేరు. "లేడు."

పద్మజ చదువుతూ పోయింది. రుక్కమ్మ "లేడు, లేదు" అనడం మానేసి, పోయినవాళ్ల పేరు వచ్చినప్పుడల్లా గొంతులోనే ఆ పేరును పిలుపులాగా తీసి, కాసేపు ఆగుతున్నది. ఆపమని చెబుదామనుకుంది పద్మజ. తల తిప్పి చూస్తే చాపల మీద పిల్లలంతా కళ్లు తెరిచి ఉన్నారు. ఒక్కరూ ఏడవలేదు, కదల్లేదు. అందరూ గుమ్మం వైపే చూస్తున్నారు.

అరవై నాలుగు మంది. రెండు వందల పదకొండులో అరవై నాలుగు మంది మట్టిలో ఉన్నవాళ్లు. ఈ పని జనార్ధన్ మేనల్లుడు ధర్మేందర్‌ది. పట్నంలో పుట్టి పెరిగినవాడు. ఇల్లిల్లూ తిరగడమెందుకని ఓటర్ల లిస్టు ముందేసుకుని, వంకర టింకర సంతకాలు గీకి, వేలిముద్రలు గుద్ది ఇచ్చాడు. ఏ పేరు ఇంట్లో ఉందో, ఏ పేరు గడ్డలో ఉందో వాడికేం తెలుసు?

ఏడో పేజీలో పద్మజ ఒక్కసారి ఆగిపోయింది. రుక్కమ్మ ముఖం చూసి, మెల్లగా చదివింది. "గుంటి అండాలు. తండ్రి జంగయ్య. వయసు ఇరవై ఏడు. వేలిముద్ర."

రుక్కమ్మ కాగితం మీదికి వంగింది.

"ఇరవై ఏడా?" అంది.

లిస్టులో ఎవరూ కొట్టెయ్యలేదు కాబట్టి, కొత్తది అచ్చేసినప్పుడల్లా అందరితోపాటు ఆమెకూ ఏడాది వయసు పెరిగింది. గడ్డలో పందొమ్మిదేళ్ల దగ్గర ఆగిన పిల్ల కాగితంలో పెరుగుతూనే ఉంది. పెరిగి పెద్దదై, తన బొంద తవ్వుకోమని తానే వేలిముద్ర వేసింది. రుక్కమ్మ ఆ నల్లని ముద్ర మీద తన వేలు ఆనించి, బిడ్డ చెయ్యి పట్టుకున్నట్టు అట్లాగే పట్టుకుంది. తర్వాత ఏడ్చింది, చావింటి శోకపు రాగం లేకుండా, మామూలు తల్లి ఏడ్చినట్టే.

ఏప్రిల్‌లో గ్రామసభ. పద్మజ మండలాఫీసు చుట్టూ తిరిగి ఒక అధికారిణి వచ్చేలా చేసింది. ఈలోగా రుక్కమ్మ పేర్ల వరసంతా కంఠతా పట్టింది. చదువురాని మనిషి రెండు వందల పదకొండు పేర్లు ఎట్లా పట్టిందంటారా? చావిళ్లలో శోకాలు కట్టి పాడే మనిషికి అదొక లెక్కా? పద్మజ చదివేది, రుక్కమ్మ వరసలో పెట్టుకునేది. పోయినవాళ్లను గొంతుతో, బతికున్నవాళ్లను పెదవులతో మాత్రం, శబ్దం రాకుండా. సభలో పోయినవాళ్ల పేర్లే చెప్పాలని ఇద్దరూ అనుకున్నారు.

ఆ వరసలో నూట తొంభయ్యో పేరు జంగయ్యది. అది వచ్చినప్పుడు రుక్కమ్మ పెదవులు కూడా కదిపేది కాదు.

మామూలుగా గ్రామసభకు పన్నెండు మంది వస్తే గొప్ప. ఈసారి కుర్మయ్య డప్పుతో మూడు చుట్లు తిరిగి, "రుక్కమ్మ మాట్లాడ్తదంటహో" అని చాటాడు. ఇక ఆగుతారా? బడి ముందు షామియానా కింద మూడు వందల మందికి తక్కువ లేరు. మిట్టమధ్యాహ్నం, కాకి కూడా అరవని ఎండ. జనార్ధన్ ముందు కుర్చీలో, పక్కన రాధమ్మ తల మీద కొంగుతో, వెనక ధర్మేందర్. జంగయ్య తమ్ముడు బాలరాజు కూడా ఆ వెనకే నిలబడ్డాడు. జనార్ధన్ వెంచర్‌లో వాచ్‌మన్ పని దొరికి ఆరునెలలైంది అతనికి.

పద్మజ లేచి, చనిపోయినవాళ్ల సంతకాలున్నాయని చెప్పింది. జనార్ధన్ అధికారిణి వైపు తిరిగి నవ్వాడు.

"మేడం, మా ఊర్ల తాతల పేర్లు మనుమలకు వెడ్తరు. గీ లిస్టుల ఉన్న లింగయ్య అంటే సచ్చిన లింగయ్య గాదు, మనుమడు."

"మనుమనికి నాలుగేండ్లు మేడం. నిన్న మా సెంటర్ల గుడ్డు తిన్నడు" అంది పద్మజ. జనం గొల్లుమన్నారు.

జనార్ధన్‌కు ముఖం మాడింది. "సరే, గా రుక్కమ్మనే సెప్పమనున్రి. కానీ ఏరుకొనుడు లేదు. మొదటికెళ్లి ఆఖరిదాక అన్ని పేర్లు సెప్పాలె, ఒక్కటి తప్పొద్దు. సదువురాని మనిషి ఎట్ల సెప్తదో జూస్త."

అధికారిణికి అది న్యాయంగానే తోచింది. ఉన్నది ఉన్నట్టు మొత్తం వినిపించమంది. జనార్ధన్ చేసిన తప్పు అదే. పేట్ బషీరాబాద్ టైల్స్ ఇంట్లో పదేళ్లు పడుకుని, రుక్కమ్మ నోట పేరు పడటమంటే ఏమిటో మర్చిపోయాడు. ఆ మాట వినగానే జనంలో ఒక కదలిక వచ్చింది. నలుగురైదుగురు చెప్పులు వెతుక్కున్నారు. కానీ పేరు పిలిచినప్పుడు మనం లేకపోతే ఎట్లా అని మళ్లీ కూర్చున్నారు.

రుక్కమ్మ లేచి నిలబడింది. మొదటి మూడు పేర్లు బతికున్నవాళ్లవి. మొదటిదే కుర్మయ్య. నోరు తెరిచింది.

"ఆగూ!" అని గావుకేక పెట్టాడు కుర్మయ్య. డప్పు కిందపడేసి ముందుకు దూకాడు. "నీకు దండం వెడ్త రుక్కమ్మా, నా పేరు నేనే సెప్త! మేడం, నేను కుర్మయ్యను. నేను ఏ సంతకం వెట్టలే. ఏ సభకు రాలే. రాసుకోన్రి, నా పేరు కొట్టెయ్యున్రి, జల్దీ!"

రుక్కమ్మ నోరు మూసుకుని, రెండో పేరుకు మళ్లీ తెరిచింది. రెండో మనిషి అప్పటికే నిలబడి ఉన్నాడు. మూడో ఆమె ఏడుస్తూ వచ్చింది. నాలుగో పేరు పోయిన మనిషిది. రుక్కమ్మ గొంతెత్తి పిలిచింది. "బాలమ్మా...!" అని. పిలిచి, ఆగింది. ఆ పిలుపు ఆమెకు ఒక్క తీరుగానే వచ్చు. చావింట్లో ఎట్లా పిలుస్తుందో, జవాబు కోసం ఎట్లా ఆగుతుందో, అట్లాగే. ఆ ఆగినంతసేపు మూడు వందల మందీ ఊపిరి బిగబట్టారు. అధికారిణి కలం కాగితం మీద ఆగిపోయింది.

అట్లా సాగింది. బతికున్న పేరు రాబోతే ఆ మనిషి ముందుగానే లేచి, తన పేరు తాను చెప్పుకుని, సంతకం పెట్టలేదని ఒట్టేసి కూర్చునేవాడు. ఒకరిద్దరు "నేను వెట్టిన మేడం, సారా సీసా ఇస్తే వెట్టిన, తప్పయింది" అని కూడా ఒప్పుకున్నారు. ఊళ్లో లేనివాళ్ల పేర్లు వాళ్ల అన్నో అమ్మో లేచి చెప్పారు. పోయినవాళ్లను మాత్రం రుక్కమ్మ పిలిచింది. ఒక్కో పిలుపుకూ జంపఖానా మీద కూర్చున్నవాళ్లు ఎందుకో కొంచెం జరిగారు, పక్కన ఎవరికో చోటిచ్చినట్టు. అరవై పేర్లు అయ్యేసరికి నడిమధ్యన పెద్ద ఖాళీ ఏర్పడింది. ఎండకు తాళలేక అంచుల్లో నిలబడినవాళ్లు ఉన్నారు, అయినా ఆ నీడలోకి ఎవరూ పోయి కూర్చోలేదు. అండాలు పేరు పిలిచినప్పుడు రుక్కమ్మ అందరికంటే ఎక్కువసేపు ఆగింది. ధర్మేందర్ ఆ ఖాళీ వంక చూస్తూ చూస్తూ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

నూట తొంభయ్యో పేరు వచ్చింది. రుక్కమ్మ నోరు తెరవలేదు.

జంగయ్య మూడు వాడల అవతల మంచంలో ఉన్నాడు. లేచి చెప్పడానికి కొడుకు లేడు. ఉన్నది తమ్ముడు బాలరాజు. జనమంతా అతని వంక చూశారు. బాలరాజు జనార్ధన్ వీపు చూశాడు, తర్వాత నేల చూశాడు.

"ఏంది ఆగినవ్?" జనార్ధన్ కుర్చీలోంచి లేచాడు. "రాసుకోన్రి మేడం, ఈమె మొగుడే సంతకం వెట్టిండు. మొగుడు గడ్డ అమ్మమంటడు, పెండ్లాం అమ్మొద్దంటది. గిదీ వీళ్ల నాటకం!"

"నేను సెప్త" అని పద్మజ లేచింది.

"నువ్వు ఆయనకేమైతవ్? ఇంటి మనిషి సెప్పాలె. ఇప్పటిదాక గదే గదా పద్ధతి?"

రుక్కమ్మ ఒకసారి తూర్పు దిక్కు చూసింది. ఆ గడ్డలో బిడ్డ ఉంది. వెనక్కి తిరిగితే ఇల్లు, ఇంట్లో ఆ మనిషి. ఈ పేరు పలక్కపోతే బిడ్డ మీది నుంచి రోడ్డు పోతుంది. పలికితే ఈ మనిషి పోతాడు. ఇది ఆమె లెక్క. తప్పో ఒప్పో, ఆ లెక్కతోనే ఆమె ముప్పై ఏళ్లు బతికింది. చేతులు రెండూ చెవుల మీద పెట్టుకుని, కళ్లు మూసుకుంది.

"జంగయ్యా...!"

పిలిచి, ఆగింది. ఆగకుండా ఉండటం ఆమెకు రాదు. దూరంగా ఎక్కడో కుక్క ఒకటి అరిచి ఆగిపోయింది.

"వెట్టలేదు మేడం" అంది తర్వాత, గొంతు పీలగా. "ఆయన చెయ్యి లేవది." మిగిలిన ఇరవై ఒక్క పేర్లు ఎట్లా అయ్యాయో ఆమెకు గుర్తులేదు.

ఇంటికి ఎట్లా పరుగెత్తిందో కూడా గుర్తులేదు. గడప దగ్గర కాళ్లు ఆగిపోయాయి. లోపల దగ్గు వినపడలేదు. ఊళ్లో అందరి గడపలకూ ఆమె అంటే భయం. ఆ రోజు తన గడప అంటే ఆమెకే భయమేసింది. చివరికి తల వంచి లోపలికి పోయింది.

జంగయ్య గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఎవరూ లేపకుండా అతను లేచి కూర్చుని నెలలైంది.

"పిలిచినవ్ గదనే" అన్నాడు. "'ఓ' అని పలికిన. ఇనవడలేదా?"

మూడు వాడల దూరం. ఆ గొంతు ఇంతదాకా రాదు, ఈ గొంతు అంతదాకా పోదు. ఎవరైనా ముందే వచ్చి చెప్పారా అని అడిగింది. ఎవరూ రాలేదన్నాడు.

"నేనే సంపుకుంటి నిన్ను" అని మంచంకోడు పట్టుకుని ఏడ్చింది.

"ఓసి పిచ్చిదానా, ఓ అన్నంక ఎట్ల సస్త? ముప్పై ఏండ్ల కాపురంల మొదటిసారి పేరు వెట్టి పిలిస్తివి, అదీ ఊరందరి ముంగట. గంత దూరంకెళ్లి గాదు, పక్కన గూసొని ఒక్కసారి పిలువు. మంచిగ ఇంటా."

ఆమె వద్దంది. అతను చెయ్యి చాపాడు. సన్నగా, ఎవరికీ వినపడకుండా, శోకం తీరు కాకుండా ఆమె పిలిచింది. పిలవడం అట్లా కూడా ఉంటుందని ఆమెకు ఆనాడే తెలిసింది. "ఓ" అన్నాడు జంగయ్య. నవ్వితే దగ్గు వచ్చింది.

రెండువారాలకు తీర్మానం చెల్లదని మండలం నుంచి కాగితం వచ్చింది. హద్దురాళ్లు పీకించారు. 43వ నంబరు రాయిని నలుగురు కూలీలు గడ్డపారలతో అరపూట కష్టపడి తీశారు. అంత లోతుగా ఎవరు పాతారో ధర్మేందర్‌కూ తెలియదట. ఊళ్లో తీన్మార్ మోగింది, పద్మజను కుర్రవాళ్లు భుజాలెక్కిద్దామని చూశారు. గండిమైసమ్మ వైపు రెండు ఊళ్ల నుంచి మనుషులు వచ్చి, మా లిస్టు కూడా వినండమ్మా అని అడిగి పోయారు. రుక్కమ్మ ఇల్లు కదల్లేదు. జంగయ్య మంచం పక్కనే కూర్చుంది. రోజూ పొద్దున లేవగానే ఒకసారి పిలిచేది. అతను ఓ అనేవాడు.

సభ అయిన పందొమ్మిదో రోజు పొద్దున పిలిస్తే అనలేదు. రెండోసారి పిలిచింది. మూడోసారి పిలిచాక, ఆ గొంతు విని వాకిట్లో చేరిన ఆడవాళ్లు ఏడుపు అందుకున్నారు.

దక్కించుకున్న గడ్డలో మొదటి బొంద జంగయ్యది, బిడ్డ పక్కనే. ఊరు ఊరంతా వచ్చింది గానీ, దూరంగానే నిలబడింది. అదిగో, నోట పలికింది, మనిషి పోయాడు అని గుసగుస. పందొమ్మిది రోజులాగిన చావును కూడా ఆమె ఖాతాలోనే వేశారు, ఏం మనుషులో! ఒక్కొక్కరూ వచ్చి పిడికెడు మట్టి పోసి, రుక్కమ్మ కళ్లలోకి చూడకుండా తప్పుకున్నారు. చివరికి బాలరాజు మిగిలాడు. గుంట దాకా వచ్చి, మట్టి తీసుకోకుండా ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"వదినె, గా దినం నేను లేసి అన్న పేరు సెప్తే అయిపోతుండె. నౌకరి పోతదని నోరు మూసుకున్న. నా పేరు గూడ పలుకు వదినె. బిగ్గర పలుకు. నేను గూడ పోత."

జనం నాలుగడుగులు వెనక్కి వేశారు. కుర్మయ్య రెండు చెవులూ మూసుకున్నాడు.

రుక్కమ్మ నోరు తెరిచింది. అందరూ చూశారు. పిలుపుకు ముందు గొంతు ఎట్లా నిండుతుందో అట్లా నిండింది. పద్మజ "అక్కా" అని అరిచింది. తుమ్మచెట్ల మీద గాలి కూడా లేదు. బాలరాజు కళ్లు మూసుకుని, తల ముందుకు వంచి, ఎదురుచూశాడు.

ఆమె నోరు మూసుకుంది. వంగి, పిడికెడు మట్టి తీసి అతని చేతిలో పెట్టింది.

"మట్టి పొయ్యి మరిదీ" అంది. "మూడుసార్లు పొయ్యి. మీ అన్నకు నువ్వొక్కనివే ఉంటివి."